జర్మనీ టెక్నికల్ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ ఉద్యోగాలు: యాడ్‌లో ఏం చూసి అప్లై చేయాలి?

సిరి_పౌడర్:

అందరికీ నమస్తే. నాది మెటీరియల్స్, మెటల్ త్రీడీ ప్రింటింగ్ మీద పీహెచ్‌డీ. థీసిస్ సబ్మిట్ చేసేశా, వైవా డేట్ ఇంకా రాలేదు. పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) జర్మనీ వైపు చూస్తున్నా, మా తమ్ముడికి మెకానికల్‌లో ఎంటెక్ అయిపోయింది, వాడు కూడా అక్కడే పీహెచ్‌డీకి ట్రై చేస్తున్నాడు, అందుకే ఇద్దరి డౌట్లూ ఒకేసారి అడుగుతున్నా. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఆఖెన్, డ్రెస్డెన్, కార్ల్‌స్రూహె, మ్యూనిక్, వీటన్నిటి జాబ్ పేజీలూ రోజూ తిరగేస్తున్నాం. పైకి అన్ని యాడ్లూ ఒకేలా ఉంటాయి, లోపలికెళ్తే మాత్రం ఒకదాంట్లో టీవీ-ఎల్ ఈ13, 65 శాతం, మూడేళ్ళు అని ఉంటుంది, ఇంకోదాంట్లో ఈ13, 100 శాతం, 12 నెలలు, పొడిగించే అవకాశం ఉంది అని, మరోచోట అసలు జీతం ఊసే లేకుండా స్కాలర్‌షిప్ అని ఒక్క ముక్క. 65 శాతం ఉద్యోగం అంటే వారంలో మూడు రోజులే పనా? ఆ డబ్బుతో బతకొచ్చా? 12 నెలల పోస్ట్‌డాక్ కోసం దేశం దాటి వెళ్ళడం తెలివైన పనేనా, లేక ఆగి ఏదైనా ఫెలోషిప్ రాసుకోవడం మంచిదా? నాకు పెళ్ళయింది, మా ఆయన కూడా ఉద్యోగం చేసుకునేలా ఉండాలి. జర్మన్ భాష నాకు ఏ1 (అన్నిటికంటే మొదటి స్థాయి) కూడా లేదు.

అక్కడ పని చేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు చెప్తే చాలా సాయం అవుతుంది. ఏజెన్సీల మాటలు వద్దు, అవి చాలా విన్నాం.

ల్యాబ్_దీపం:

సిరి గారూ, తమ్ముడి సంగతి నేను చెప్తా, పోస్ట్‌డాక్ గురించి వేరేవాళ్ళు నాకంటే బాగా చెప్పగలరు. నేను అక్కడ ఒక మెకానికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టరేట్ చేశా.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే అక్కడ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ అంటే ఎక్కువగా ఉద్యోగమే, కోర్సులో చేరడం కాదు. ప్రొఫెసర్ దగ్గర డబ్బుంటే పోస్ట్ పడుతుంది, ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయితే యూనివర్సిటీ మీతో కాంట్రాక్ట్ రాసుకుంటుంది, డాక్టరేట్ రిజిస్ట్రేషన్ ఆ తర్వాత ఫ్యాకల్టీలో విడిగా చేసుకుంటారు. జీతం అక్కడి రాష్ట్రాల ఉద్యోగుల వేతన ఒప్పందం ప్రకారం వస్తుంది, టీవీ-ఎల్ అన్నది దాని పేరే. ఈ13 అంటే మాస్టర్స్ చదివిన సైంటిస్టుల గ్రేడ్. 2025 ఫిబ్రవరి పట్టిక ప్రకారం ఈ13 మొదటి మెట్టులో ఫుల్ పొజిషన్‌కి నెలకి దాదాపు 4,630 యూరోలు, ఇది కటింగ్స్‌కి ముందు. ఇన్‌కమ్ ట్యాక్స్, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్, నిరుద్యోగ బీమా అన్నీ పోగా ఒంటరిగా ఉండేవాళ్ళ చేతికి 2,800 దరిదాపుల్లో వస్తుంది. 65 శాతం అయితే 3,000 చిల్లర, చేతికొచ్చేది 2,000కి కాస్త పైన. ఒక్కరైతే 65 శాతంతో బతకొచ్చు, అయితే మ్యూనిక్‌లో అద్దె చాలా ఎక్కువ, డ్రెస్డెన్‌లో అదే డబ్బు బాగా సరిపోతుంది, కాబట్టి జీతం ఒక్కటే కాదు ఊరిని కూడా పక్కన పెట్టుకుని లెక్క చూడాలి. డార్మ్‌స్టాట్ టెక్నికల్ యూనివర్సిటీ మాత్రం టీవీ-ఎల్ కింద లేదు, దానికి సొంత ఒప్పందం ఉంది, గ్రేడ్ల పేర్లు ఇలాగే ఉంటాయి.

65 శాతం అంటే మూడు రోజుల పనా అన్నారు కదా, కాగితం మీద అంతే. మీకు జీతమిచ్చేది 65 శాతం గంటలకి, మిగతా టైమ్ మీ థీసిస్ మీది అని వాళ్ళ లెక్క. నిజానికి అందరూ వారమంతా ల్యాబ్‌లోనే ఉంటారు. మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్‌లో మామూలుగా 100 శాతమే ఇస్తారు, ఎందుకంటే ఇవే మనుషుల్ని కంపెనీలు మంచి జీతమిచ్చి లాక్కుపోతాయి, సగం జీతానికి ఎవరూ రారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో సగం నుంచి ముప్పావు వరకు కనిపిస్తాయి. తమ్ముడిది మెకానికల్ కాబట్టి 50 శాతం యాడ్ కనపడితే ఎందుకు సగమే అని అడగడంలో తప్పు లేదు.

అలాగని 100 శాతం చూసి వెంటనే ఒప్పేసుకోవద్దు, నా గట్టి అభిప్రాయం ఇది. ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్లలో ఫుల్ పొజిషన్ అంటే ఫుల్ పనే. ఇండస్ట్రీ ప్రాజెక్ట్ రిపోర్టులు, స్టూడెంట్లకి ప్రాబ్లమ్ క్లాసులు, పరీక్ష పేపర్లు దిద్దడం, మాస్టర్స్ వాళ్ళ థీసిస్‌లు చూసుకోవడం, కొత్త ప్రాజెక్టులకి ప్రపోజల్స్ రాయడం, ఇవన్నీ అయ్యాక మన థీసిస్. అందుకే డాక్టర్-ఇంజనీర్ డిగ్రీకి నాలుగైదేళ్ళు మామూలే, ఆరేళ్ళు పట్టినవాళ్ళనీ చూశా. ఇందులో చెడు ఏమీ లేదు, ప్రాజెక్ట్ నడపడం, బడ్జెట్ చూసుకోవడం, కంపెనీ వాళ్ళతో మాట్లాడటం వస్తుంది, బయట ఉద్యోగాలకి వెళ్ళినప్పుడు దానికి విలువ చాలా ఉంటుంది. కానీ మూడేళ్ళలో డిగ్రీ పట్టుకుని వచ్చేస్తా అనుకుని వెళ్ళేవాళ్ళకి అది సరిపడదు. ఇంటర్వ్యూ అయ్యాక గ్రూప్ వాళ్ళతో మాట్లాడే టైమ్ ఇస్తారు, అప్పుడు ప్రొఫెసర్ లేనిచోట ఒక్క మాట అడగమనండి: ఈ మధ్య ఈ గ్రూప్‌లో డాక్టరేట్ పూర్తి చేసినవాళ్ళకి ఎంతకాలం పట్టింది, చివర్లో వాళ్ళ జీతం ఎక్కణ్ణుంచి వచ్చింది. ఈ ఒక్క జవాబుతో గ్రూప్ సంగతి సగం తెలిసిపోతుంది.

డబ్బు ఎక్కణ్ణుంచి అన్నది అసలు విషయం. యూనివర్సిటీ సొంత బడ్జెట్ పోస్ట్ అయితే టీచింగ్ డ్యూటీ ఉంటుంది, టాపిక్‌లో కొంత స్వేచ్ఛ ఉంటుంది. ప్రాజెక్ట్ డబ్బు అయితే, అది డీఎఫ్‌జీ (జర్మనీలో పరిశోధనకి డబ్బిచ్చే సంస్థ) కావచ్చు, కేంద్ర మంత్రిత్వ శాఖ కావచ్చు, యూరోపియన్ యూనియన్ కావచ్చు, ఆ ప్రాజెక్ట్ ముగిసే తేదీయే మీ కాంట్రాక్ట్ తేదీ. కంపెనీ డబ్బు అయితే ఏ రిజల్ట్ పబ్లిష్ చేయొచ్చు, ఏది చేయకూడదు అని మొదటే రాతలో అడగాలి. డీఎఫ్‌జీ నడిపే గ్రాడ్యుయేట్ ట్రైనింగ్ గ్రూపులు వేరే రకం, అక్కడ పది పన్నెండు మంది ఒకేసారి చేరతారు, కోర్సులుంటాయి, ఇద్దరు గైడ్లు ఉంటారు, గడువు మీద గట్టిగా ఉంటారు. తమ్ముడు ఒక్కడే కొత్త దేశంలో మొదలుపెడుతున్నాడు కాబట్టి అలాంటిది దొరికితే నా ఓటు దానికే.

ఇంకోటి, మీ ఫీల్డ్ మెటల్ ప్రింటింగ్ కాబట్టి చెప్తున్నా, యూనివర్సిటీ పేజీ ఒక్కటే చూడకండి. పౌడర్ మీద లేజర్‌తో మెటల్ కరిగించే పద్ధతికి 1996 నాటి మూల పేటెంట్ ఆఖెన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ లేజర్ ఇన్‌స్టిట్యూట్‌దే, అది అక్కడి టెక్నికల్ యూనివర్సిటీతో చేతిలో చేయి వేసి పనిచేస్తుంది. పక్కనే డ్యూసెల్‌డార్ఫ్‌లో మాక్స్ ప్లాంక్ వాళ్ళ మెటీరియల్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇలాంటి ఇన్‌స్టిట్యూట్లు జీతం, మెషీన్లు ఇస్తాయి, డాక్టరేట్ డిగ్రీ మాత్రం యూనివర్సిటీయే ఇవ్వాలి, అందుకే వాటి డైరెక్టర్లు చాలామంది పక్క యూనివర్సిటీలో ప్రొఫెసర్లుగా కూడా ఉంటారు.

ఎల్బె_ఒడ్డున:

సిరీ, నేను డ్రెస్డెన్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్నా. నీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది 12 నెలల కాంట్రాక్టా, ఫెలోషిప్పా అన్నది. దీనికి జవాబు నీ ఇష్టం మీద కంటే ఏది ముందు ఏది వెనక అన్న దాని మీద ఉంది, ఇక్కడికి వచ్చే ముందు అది నీకు ఎవరూ చెప్పరు.

యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ గురించి వినే ఉంటావు. దాంట్లో ఒక రూల్ ఉంది, దరఖాస్తు గడువుకి ముందు 36 నెలల్లో 12 నెలలకి మించి నువ్వు వెళ్ళబోయే దేశంలో ఉండి ఉండకూడదు. అంటే ఇప్పుడు 12 నెలల ఉద్యోగానికి జర్మనీ వచ్చి, వాళ్ళు ఇంకో ఆరు నెలలు పొడిగించారనుకో, ఆ తర్వాత జర్మనీలోనే మేరీ క్యూరీకి రాద్దామంటే అర్హత ఉండదు. వేరే దేశానికి రాసుకోవచ్చు, నెదర్లాండ్స్‌కో స్వీడన్‌కో, కానీ ఇక్కడికి కాదు. హంబోల్ట్ ఫెలోషిప్‌కి కూడా ఇప్పటికే జర్మనీలో స్థిరపడి పనిచేస్తున్నవాళ్ళ విషయంలో పరిమితులున్నాయి, అది బయట దేశాల సైంటిస్టుల్ని ఇక్కడికి రప్పించడానికి పెట్టింది. కాబట్టి నువ్వు ఇంకా అక్కడే ఉన్న ఈ టైమే నీకు రెండు తలుపులూ తెరిచి ఉన్న టైమ్. వచ్చేశాక ఒక్కోటి మూసుకుంటాయి. వైవా అయ్యేలోపు కూర్చుని హోస్ట్ ప్రొఫెసర్‌ని వెతుక్కో, ఇది మాత్రం వాయిదా వేయకు.

హంబోల్ట్‌లో పోస్ట్‌డాక్ కేటగిరీ డాక్టరేట్ అయి నాలుగేళ్ళు దాటనివాళ్ళకి, 6 నుంచి 24 నెలలు. ఎంపిక కమిటీలు ఏడాదిలో కొన్నిసార్లు కూర్చుంటాయి, రిజల్ట్‌కి నెలలు పడుతుంది. హోస్ట్ ఒప్పుకున్నట్టు లెటర్ కావాలి, నీ పేపర్లలో నువ్వు మొదటి రచయితగా ఉన్నవి ఏంటో వాళ్ళు చూస్తారు. జర్మన్ భాష సైన్స్, ఇంజనీరింగ్ వాళ్ళకి అడ్డం కాదు, ఇంగ్లిష్ చాలు, పైగా ఫెలోషిప్ వచ్చాక భాష కోర్సుకి వాళ్ళే సాయం చేస్తారు. మేరీ క్యూరీ గడువు మామూలుగా సెప్టెంబర్‌లో పడుతుంది. డీఎఫ్‌జీ వాళ్ళ వాల్టర్ బెన్యమిన్ ప్రోగ్రామ్ 2019లో మొదలైంది, రెండేళ్ళ దాకా, నీ సొంత టాపిక్ మీద నీ జీతం నువ్వే తెచ్చుకుంటున్నట్టు, ఇది ఎప్పుడైనా రాయొచ్చు. ఇందులో స్టైపెండ్ కాకుండా యూనివర్సిటీ కాంట్రాక్ట్ వస్తుంది కాబట్టి పెన్షన్, బీమా అన్నీ ఉంటాయి, నాకైతే ఆ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది.

ఇక గడియారం సంగతి. ఇక్కడ సైంటిఫిక్ కాంట్రాక్టులకి వేరే చట్టం ఉంది, 2007 నుంచి ఉన్నది. డాక్టరేట్‌కి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు, అంతే, అంతకు మించి ఆ లెక్కలో తాత్కాలిక ఉద్యోగం ఇవ్వడం కుదరదు. మెడిసిన్ వాళ్ళకి తర్వాతి భాగం తొమ్మిదేళ్ళు. పిల్లలుంటే ఒక్కో బిడ్డకి రెండేళ్ళు గడువు పెరుగుతుంది. ప్రాజెక్ట్ డబ్బు మీద ఇచ్చే కాంట్రాక్ట్ వేరే సెక్షన్ కింద వస్తుంది, దానికి ఆరేళ్ళ పరిమితి లేదు, ప్రాజెక్ట్ ఉన్నంతకాలం ఇవ్వొచ్చు. ఇది వినడానికి మంచిదిగా ఉంటుంది, కానీ ఆడవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది: మొదటి రకం కాంట్రాక్ట్‌లో ప్రసూతి సెలవు, పిల్లల సెలవు తీసుకుంటే ఆ కాలం మేర కాంట్రాక్ట్ పొడిగించమని అడిగే హక్కు ఉంటుంది, ప్రాజెక్ట్ రకంలో ఆ హక్కు లేదు, సెలవులో ఉండగానే తేదీ అయిపోవచ్చు. నా పాత గ్రూప్‌లో ఒకమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. ఆఫర్ వచ్చినప్పుడు ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో హెచ్‌ఆర్‌ని అడుగు, అది కాంట్రాక్ట్‌లో రాసే ఉంటుంది, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

సిరి_పౌడర్:

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్, మేరీ క్యూరీ రూల్ పేరు విన్నా కానీ దాని ప్రభావం ఇలా ఉంటుందని ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఒక ఆఫర్ దాదాపు ఖాయం అయ్యేలా ఉంది, 100 శాతం, 12 నెలలు, ప్రాజెక్ట్ డబ్బు. వాళ్ళు తొందరగా చేరమంటున్నారు. వైవా కాకుండానే చేరొచ్చా? చేరితే పోస్ట్‌డాక్ కింద లెక్కవుతుందా?

మెట్టు_మూడు:

చేరొచ్చండి. ఈ13కి మాస్టర్స్ చాలు, డాక్టరేట్ సర్టిఫికెట్ లేకపోయినా సైంటిఫిక్ స్టాఫ్‌గా కాంట్రాక్ట్ ఇస్తారు, యాడ్‌లో డాక్టరేట్ తప్పనిసరి అని గట్టిగా రాస్తే తప్ప. డాక్టరేట్ రాకముందు కాలం ఆ చట్టంలో మొదటి ఆరేళ్ళ ఖాతాలోకి పోతుంది. అందరూ పోస్ట్‌డాక్ అని పిలుస్తారు కానీ కాగితం మీద మీ పదవి పేరు సైంటిఫిక్ స్టాఫ్ అనే ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది జీతం మెట్ల గురించి. ఈ13లో మొదటి మెట్టు కొత్తవాళ్ళకి, సంబంధిత అనుభవం ఒక ఏడాది ఉంటే రెండో మెట్టు, మూడేళ్ళుంటే మూడో మెట్టు. పీహెచ్‌డీలో ప్రాజెక్ట్ స్టాఫ్‌గా చేసిన కాలం, ఇంకెక్కడైనా రీసెర్చ్ ఉద్యోగం, ఇవి లెక్కలోకి రావచ్చు, రాకపోవచ్చు, అది హెచ్‌ఆర్ చూసే సర్టిఫికెట్ల మీద ఉంటుంది. మెట్టు నిర్ణయం చేరేటప్పుడే జరుగుతుంది, తర్వాత మార్చడం చాలా కష్టం. నెలకి వందల యూరోల తేడా అది. అందుకని సంతకానికి ముందే ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ పని, వారానికి ఎన్ని గంటలు అని రాసిన అనుభవ పత్రాలు మీ సంస్థ లెటర్‌హెడ్ మీద తీసుకుని పంపండి. స్టైపెండ్ మీద చేసినదాన్ని ఉద్యోగ అనుభవంగా ఒప్పుకోవడం తక్కువ, అయినా పెట్టండి.

ఇంకోటి, కాంట్రాక్ట్ మీద రెండు పక్షాలూ సంతకం పెట్టకముందు ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టొద్దు. గడువున్న కాంట్రాక్ట్ ముందే రాతలో ఉండాలని అక్కడి చట్టం, అందుకే వాళ్ళే ఒప్పుకోరు. పైగా స్టాఫ్ కౌన్సిల్ (ఉద్యోగుల ప్రతినిధుల సంఘం) అనుమతి అని ఒక దశ ఉంటుంది, ప్రొఫెసర్ సరే అన్నాక కూడా హెచ్‌ఆర్‌లో వారాలు పడుతుంది, దాని మీద వీసా. వచ్చే నెల చేరండి అన్న ప్రొఫెసర్ మాట నమ్మి ఇక్కడ ఇల్లు ఖాళీ చేసుకోకండి.

స్పెక్ట్రమ్77:

నేను ఎల్బె_ఒడ్డున గారితో కొంచెం విభేదిస్తా. ఫెలోషిప్ కోసం ఆగమనడం చెప్పినంత తేలిక కాదు. మేరీ క్యూరీలో పోటీ చాలా ఎక్కువ, మంచి ప్రపోజల్స్ కూడా పోతాయి, హంబోల్ట్ రిజల్ట్‌కి నెలలు ఆగాలి, ఈలోపు చేతిలో ఆదాయం లేకుండా, పేపర్ల మధ్య గ్యాప్ వస్తే అది కూడా నష్టమే. 12 నెలల ఆఫర్ చేతికొస్తే తీసుకుని, మొదటి ఆరు నెలల్లో వచ్చే సెప్టెంబర్ గడువు పడితే అక్కణ్ణుంచే మేరీ క్యూరీ రాయొచ్చు కదా, 12 నెలలు దాటకముందు అర్హత ఉంటుంది. తేదీలు కాగితం మీద వేసుకుని చూస్తే రెండూ కుదురుతాయి. నా కొలీగ్ ఒకతను సరిగ్గా ఇలాగే చేశాడు.

పైగా ఒక మాట, ల్యాబ్‌లో ఉండి ఆ మెషీన్ల మీద మొదటి డేటా తీసి, ఆ హోస్ట్‌తో కూర్చుని రాసిన ప్రపోజల్ వేరు, దూరం నుంచి ఈమెయిల్ మీద రాసింది వేరు.

ఎల్బె_ఒడ్డున:

ఒప్పుకుంటా, తేదీలు కుదిరితే అదే మంచి దారి. నేను భయపడేది పొడిగింపుల గురించి. ఆరు నెలలు, ఇంకో మూడు నెలలు అంటూ ముక్కలు ముక్కలుగా పొడిగిస్తూ పోతే మనిషి నాలుగేళ్ళ తర్వాత చూసుకుంటే సొంత టాపిక్ లేదు, సొంత డబ్బు లేదు, ఎమ్మీ నోయెథర్ లాంటి గ్రూప్ లీడర్ గ్రాంట్‌కి రాసే గడువు దగ్గరపడింది. అది మామూలుగా డాక్టరేట్ అయిన నాలుగేళ్ళ లోపే రాయాలి, వస్తే ఆరేళ్ళు సొంత గ్రూప్. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంట్‌కైనా ఇలాంటి కిటికీ ఉంది. పర్మినెంట్ ప్రొఫెసర్ పోస్టులు చాలా తక్కువ, టెన్యూర్ ట్రాక్ (కొన్నేళ్ళ పని చూసి పర్మినెంట్ చేసే పద్ధతి) ఇప్పుడు పెరుగుతోంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2012 నుంచి ఆ పద్ధతి నడుపుతోంది, అయినా ఒక్కో సీటుకి పోటీ ఎంతో చూస్తున్నాం. అందుకే మొదటి పోస్ట్‌డాక్‌లో చేరిన రోజు నుంచే సొంత ప్రపోజల్ ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి అంటా. సిరీ, ఆఫర్ ఇచ్చే ప్రొఫెసర్‌ని ఈ ఒక్కటి అడుగు: నా పేరు మీద గ్రాంట్ రాసుకోవడానికి వారంలో కొంత టైమ్ ఇస్తారా. ఆయన ఇచ్చే జవాబు కంటే ఆ ప్రశ్న విని ఆయన ముఖం ఎలా పెట్టాడో చూడు.

రెండు_సూట్‌కేసులు:

మీ ఆయన ఉద్యోగం, వీసా సంగతి నేను చెప్తా, మేం భార్యాభర్తలిద్దరం వచ్చి ఆ దారి దాటినవాళ్ళం.

రెండు దారులున్నాయి. ఒకటి బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్), రెండోది రీసెర్చర్ పర్మిట్, అక్కడి నివాస చట్టంలో సెక్షన్ 18డి. బ్లూ కార్డ్‌కి జీతం గీత ఉంటుంది, 2025లో ఏడాదికి 48,300 యూరోలు, ఇంజనీర్లు, సైంటిస్టులు లాంటి కొరత ఉన్న వృత్తులకి, కొత్తగా డిగ్రీ తీసుకున్నవాళ్ళకి 43,760 దగ్గర. ఈ గీత ఏటా మారుతుంది. ఫుల్ ఈ13 వచ్చేవాళ్ళు దాన్ని దాటేస్తారు. 65 శాతం వాళ్ళు దాటరు, వాళ్ళకి రీసెర్చర్ పర్మిట్, యూనివర్సిటీ ఒక హోస్టింగ్ ఒప్పందం ఇస్తుంది, దానికి జీతం గీత అలా లేదు, బతకడానికి సరిపడా ఉంటే చాలు. రెండిట్లోనూ భర్తకి లేదా భార్యకి ఉద్యోగం చేసుకునే హక్కు పూర్తిగా ఉంటుంది, వాళ్ళకి ముందే జర్మన్ పరీక్ష అవసరం లేదు. ఇది మా విషయంలో చాలా పెద్ద ఊరట. బ్లూ కార్డ్ మీద 27 నెలలకి శాశ్వత నివాసం అడగొచ్చు, జర్మన్ భాష బీ1 (మధ్య స్థాయి) ఉంటే 21 నెలలకే.

ఇందాక స్కాలర్‌షిప్ గురించి అడిగారు. స్టైపెండ్ మీద వస్తే అది ఉద్యోగం కాదు, బ్లూ కార్డ్ రాదు, పెన్షన్ జమ కాదు, నిరుద్యోగ బీమా ఉండదు, హెల్త్ ఇన్సూరెన్స్ మీరే కట్టుకోవాలి. ఉద్యోగంలో అయితే ఇన్సూరెన్స్‌లో సగం యజమాని కడతాడు. చేతికొచ్చే డబ్బు చూస్తే రెండూ దగ్గరగా కనిపిస్తాయి, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి మాత్రం తేడా చాలా ఉంటుంది. హంబోల్ట్ లాంటి పెద్ద ఫెలోషిప్‌లలో కుటుంబ భత్యం, ఇన్సూరెన్స్ సాయం ఉంటాయి కాబట్టి అన్ని స్టైపెండ్లనీ ఒకే గాటన కట్టను.

భాష విషయం. ల్యాబ్‌లో ఇంగ్లిష్ నడిచిపోతుంది. కానీ మీ ఆయన యూనివర్సిటీలో కాకుండా బయట పని వెతకాలంటే, ఐటీ కాకపోతే, జర్మన్ లేకుండా చాలా కష్టం. వీసా వచ్చేదాకా ఆగకుండా ఇద్దరూ ఇప్పుడే మొదలుపెట్టండి.

ల్యాబ్_దీపం:

అప్లికేషన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి మళ్ళీ వచ్చా, తమ్ముడికి ఇది చూపించండి.

పొజిషన్లు ఎక్కడ చూడాలంటే యూనివర్సిటీ సొంత జాబ్ పేజీ, ఆ తర్వాత యూరాక్సెస్, అకడమిక్స్ డాట్ డీఈ అనే జాబ్ సైట్లు, డాడ్ (జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ) వాళ్ళ పీహెచ్‌డీ జర్మనీ పేజీ. తొమ్మిది పెద్ద టెక్నికల్ యూనివర్సిటీలు కలిసి టీయూ9 అని ఒక కూటమి ఉంది: ఆఖెన్, బెర్లిన్, బ్రౌన్‌ష్వైగ్, డార్మ్‌స్టాట్, డ్రెస్డెన్, హనోవర్, కార్ల్‌స్రూహె, మ్యూనిక్, స్టుట్‌గార్ట్. అందరూ మ్యూనిక్ మీదే పడతారు, మెకానికల్ వాడికి బ్రౌన్‌ష్వైగ్, హనోవర్, స్టుట్‌గార్ట్ ఏ విధంగానూ తక్కువ కాదు, నా లెక్కలో ఊరి పేరు కంటే గ్రూప్ ముఖ్యం. ఇంకో కబురు, 2026 జనవరి నుంచి దేశమంతా 70 ఎక్సలెన్స్ క్లస్టర్లకి (ఒక్కో అంశం మీద పనిచేసే పెద్ద పరిశోధన కూటములు) ఏడేళ్ళ డబ్బు మొదలైంది, 2025 మేలో ఎంపిక చేశారు. అంత పెద్ద డబ్బు వచ్చినప్పుడు మొదటి ఏడాది రెండేళ్ళలోనే ఎక్కువ పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ పోస్టులు పడతాయి, కాబట్టి మన సబ్జెక్ట్ క్లస్టర్లు ఏవో వెతికి వాటి పేజీలు విడిగా చూస్తూ ఉండండి.

యాడ్ ఉంటే యాడ్‌లో అడిగినట్టే పంపాలి, రిఫరెన్స్ నంబర్ సబ్జెక్ట్ లైన్‌లో ఉండాలి, అన్నీ కలిపి ఒక్క పీడీఎఫ్, మార్కుల జాబితాలతో సహా. జీఆర్‌ఈ ఎవరూ అడగరు. కవర్ లెటర్ ఒక్క పేజీ, అందులో మీ యూనివర్సిటీ ప్రపంచ ప్రసిద్ధమైనది లాంటి వాక్యాలు పూర్తిగా తీసేయండి, ప్రొఫెసర్లు అలాంటివి రోజూ చూస్తారు. ఎంటెక్ ప్రాజెక్ట్‌లో తను చేతులతో ఏం చేశాడు, ఏ మెషీన్ నడిపాడు, ఏ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాశాడు, ఎక్కడ రిజల్ట్ అనుకున్నట్టు రాకపోతే ఏం చేశాడు, అది రాయాలి. యాడ్ లేకుండా మెయిల్ పెడితే ఆ గ్రూప్ ఈ మధ్య పేపర్ ఒకటి నిజంగా చదివి అందులో ఒక విషయం మీద రెండు లైన్ల ప్రశ్న పెట్టమనండి, అలాంటి మెయిల్‌కి జవాబొచ్చే అవకాశం ఎక్కువ. వంద మందికి ఒకే మెయిల్ పెట్టే పద్ధతి వల్ల మన వాళ్ళ మెయిల్స్ అన్నీ చదవకుండానే డిలీట్ అయ్యే పరిస్థితి వచ్చింది, నిజంగా బాధేస్తుంది, బాగా చదివిన పిల్లలు కూడా అందులో కొట్టుకుపోతున్నారు.

ఇంటర్వ్యూలో మామూలుగా ఒక 20 నిమిషాలు సొంత పని మీద ప్రెజెంటేషన్, తర్వాత గ్రూప్ అంతా ప్రశ్నలు. తెలియనిది తెలియదు అంటే గౌరవిస్తారు, ఎలా తెలుసుకుంటావు అని తర్వాత ప్రశ్న వస్తుంది, దానికి సిద్ధంగా ఉండాలి.

సిరి_పౌడర్:

మీ అందరి రిప్లైలూ ప్రింట్ తీసి తమ్ముడి టేబుల్ మీద పెట్టా. నా సంగతి, తేదీలు వేసి చూశా, స్పెక్ట్రమ్ గారు చెప్పినట్టు వచ్చే సెప్టెంబర్ గడువు 12 నెలల లోపే పడుతోంది. ఆఫర్ ప్రొఫెసర్‌కి మూడు ప్రశ్నలు పంపా: కాంట్రాక్ట్ ఏ సెక్షన్ కింద, మెట్టు ఎలా నిర్ణయిస్తారు, సొంత గ్రాంట్‌కి టైమ్ ఇస్తారా. మొదటి రెండూ హెచ్‌ఆర్‌కి పంపారట, మూడోదానికి మాత్రం వెంటనే ఫోన్ చేసి అరగంట మాట్లాడారు, ఏ టాపిక్ రాద్దామనుకుంటున్నావు అని అడిగారు. మేరీ క్యూరీకి ఆయనే హోస్ట్‌గా ఉండొచ్చా, లేక వేరే యూనివర్సిటీ అయి ఉండాలా?

ఎల్బె_ఒడ్డున:

ఆయనే ఉండొచ్చు, రూల్ దేశంలో ఉన్న కాలం గురించే, గ్రూప్ గురించి కాదు. కానీ రివ్యూయర్లు కొత్తగా ఏం నేర్చుకుంటావు, ఎక్కడికి కదులుతున్నావు అని చూస్తారు కాబట్టి అదే పని కొనసాగింపులా రాస్తే మార్కులు తగ్గుతాయి, వేరే దేశంలోని ల్యాబ్‌లో కొన్ని నెలల సెకండ్‌మెంట్ (తాత్కాలికంగా అక్కడికెళ్ళి పనిచేయడం) కలుపు. యూనివర్సిటీలో యూరోపియన్ ప్రాజెక్టుల ఆఫీస్ అని ఒకటి ఉంటుంది, ప్రపోజల్ చదివి దిద్దిపెడతారు, చాలాచోట్ల వేసవికి ముందే ట్రైనింగ్ కూడా పెడతారు. చేరిన మొదటి వారంలోనే వాళ్ళకి మెయిల్ పెట్టు.